అమ్మ మోకాలికి నేనిచ్చిన హామీ

మొన్న విశాఖపట్నంలో ఒక కుర్ర డాక్టరు నా ఎక్స్‌రే చూసి, మోకాళ్లు రెండూ మార్చాల్సిందేననీ, ఇప్పుడు కొత్త కీలులో వేసే ప్లాస్టిక్ అంత త్వరగా అరగదనీ నవ్వుతూ చెప్పేసరికి, లేచి వచ్చేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా అమ్మకి కుడి మోకాలు మార్పించాం. అప్పట్లో నేను అనకాపల్లిలో చెరకు గానుగలు బాగుచేసే వర్క్‌షాపులో లేత్ మీద ఇనుము తరిగే టర్నర్ని; అమ్మ రాంబిల్లి నుంచి వచ్చే ఎండు చేపల్ని బజార్లో గంప ముందు గొంతుక్కూచుని అమ్మేది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు ఆ కీలు నమూనా నా చేతికిస్తే, అద్దంలా మెరిసే లోహం మీద బొటనవేలు రాసి, ఆహా ఏం పాలిష్ అని మురిసిపోయానే తప్ప, మధ్యలో ఉన్న తెల్లటి ప్లాస్టిక్ బిళ్లని పట్టించుకోలేదు. గానుగ ఇరుసు పాడవకుండా చుట్టూ మెత్తటి లోహపు తొడుగు, బుష్షు, వేస్తామనీ, అరిగేది ఎప్పుడూ ఆ మెత్తటిదేననీ నాకంటే తెలిసినవాడెవడు! చెరకు సీజను అయ్యేసరికి అరిగిన బుష్షుల్ని నా చేత్తోనే తీసి పారేసేవాణ్ణి.

కింద కూచోవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు, నేను ఎత్తు బల్ల కూడా చేయించి ఇచ్చాను. కానీ మా బజారుకొచ్చే ఆడవాళ్లు గంప దగ్గర కూలబడి, చేపని వాసన చూసి, నాలుగు కబుర్లాడితే గానీ కొనరు కదా. బల్లెక్కి కూచున్న మనిషి దగ్గర ఆగేదెవరు? వారం తిరక్కుండానే అమ్మ, "కిందే కూకుంటానురా, ఏటి, అరిగిపోద్దా?" అని అడిగింది. డాక్టర్ని కాదు, ఇనుముతో బతికే కొడుకుని అడిగింది. నేనేమో పెద్ద మొనగాణ్ణిలా, నూరేళ్లయినా దానికేం కాదన్నాను. మర్నాటి నుంచి అమ్మ మళ్లీ కిందే కూచుంది.

ఏడేళ్లు నిండకుండానే మోకాలు వాచిపోయింది. బిళ్ల ఒకపక్క పూర్తిగా అరిగిందనీ, ఆ పొడి వల్ల లోపల ఎముక కరిగిపోయిందనీ, అమ్మ గుండె బలహీనం గనక మళ్లీ కోయలేమనీ చెప్పారు. ఇక మంచమే. బజారంతా వినబడేలా కేకేసి చేపలమ్మిన మనిషి గోడవైపు తిరిగి పడుకునేది. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లతోనూ, "డాక్టరు బాబు సెప్పినా నాను ఇన్నేదు, తప్పు నాదే" అనేది. నేను పక్కనే ఉండేవాణ్ణి, నోరు విప్పేవాణ్ణి కాదు. ఛీ, ఏం బతుకు నాది!

ఇప్పుడు ఆ బజార్లో నడుమెత్తు అరుగుల మీద చేపలు పెట్టి నిలబడే అమ్ముతున్నారు, కొనేవాళ్లూ నిలబడే కొంటున్నారు, ప్లాస్టిక్కూ గట్టిపడిందట. అన్నీ ఆవిడ పోయాకే మారాయి. తప్పు తనదేననుకుంటూ అమ్మ పోయింది. నేను అలాగే అనుకోనిచ్చాను.