గార్డుగారిని కాస్త జరపండి

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసింది. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చున్నవాడు మరి లేవలేదట. చెప్పలేక చెప్పలేక ఆ మాట చెప్పి, ఏడుపు మధ్యలోనే, "బేగి రారా తమ్ముడూ. గార్డుగారినీ హెడ్మాస్టారినీ హాల్లోంచి తియ్యాల. మీ బావని పడుకోబెట్టడానికి చోటు నేదు" అంది.

కంగారుపడకండి. గార్డుగారంటే చేత్తో పట్టుకుపోయే చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. హెడ్మాస్టారంటే పొట్ట ముందుకొచ్చిన మానిటరుతో పాతకాలపు కంప్యూటరు. నేను ఆటో దిగేసరికి ఇరుగుపొరుగువాళ్ళు ఇద్దరినీ వరండాలోకి మోసేశారు. వచ్చిన దండల్లో ఒకదాన్ని ఎవరో హడావిడిలో హెడ్మాస్టారి మీద పడేశారు. అది ఆ పూటంతా ఆయన మెడలోనే ఉంది. బావ చూసుంటే ఎంత మురిసిపోయేవాడో!

బావ వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చాడు. బావ అక్కడి డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలోనే పుట్టి, అక్కడి వ్యాగన్ల వర్క్‌షాపులోనే కరెంటు పనిచేసి, రిటైరయ్యాక కాలనీ గోడ అవతల రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. ఆ రెండింట్లో ఒకటి టీవీలదీ కంప్యూటర్లదీ. ఇంకొకటి హాలు. మా అక్క కాపరమంతా హాల్లో, గదిలో పట్టని డబ్బాల మధ్య.

ఈ పిచ్చి మొదలైంది ఒక పరామర్శలో. అందరూ గోడకి తగిలించే టీవీలు కొంటున్న రోజులు. కాలనీలో ఒక ముసలి గార్డుగారు పోతే బావ పలకరించడానికి వెళ్ళాడు. గార్డుగారి భార్య, "బాబూ, ఆయన టీవీ ఒకటి అటక మీదుంది. చూస్తే ఏడుపొస్తంది, పారేద్దామంటే చెయ్యి రాదు" అందట. బావ దాన్ని బియ్యం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. కొన్నాళ్ళు దాని పొట్ట విప్పి కూర్చున్నాడు. ఒకరోజు అది వెలిగింది. "అదిగో, గార్డుగారు లేచారు!" అని కేకేశాడు. పేరు అలా స్థిరపడిపోయింది.

ఇక ఆ తరవాత ఎవరింటికి పరామర్శకి బయల్దేరినా చెప్పులేసుకున్నంత మామూలుగా ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకునేవాడు. అక్క తల బాదుకునేది. "చావింటికి సంచేటండీ? జనం మొహాన ఉమ్మేస్తారు!" అనేది. ఆయన ఆ సంచిని తొడ కింద దాచుకుని కూర్చునేవాడు. ఆ దాచడం కూడా అందరికీ కనబడేలాగే.

కానీ ఆయనకో నియమం ఉండేది. నాకు చాలాసార్లు చెప్పాడు: "అడక్కూడదోయ్ బామ్మర్దీ. పోయినాయన గురించి ఆళ్ళు సెప్పింది ఇనాల, అంతే. అటక మాట ఆళ్ళ నోటంట రావాల." వినడమంటే అలాంటిలాంటి వినడం కాదు. కొడుకులకి తీరిక లేని కబుర్లు, కోడళ్ళు విని విని విసిగిపోయిన కబుర్లు, అన్నీ టీ మీద టీ తాగుతూ వినేవాడు. చాలాసార్లు సంచి ఖాళీగానే వచ్చేది. అయితే ఆ పోయినాయన జీతం రోజున జిలేబీ తెచ్చేవాడని, కాకరకాయ కూరంటే పళ్ళెం విసిరేవాడని మాకు తెలిసేది.

తెచ్చిన ప్రతిదానికీ పేరు పెట్టేవాడు కాదు. వెలిగితేనే పేరు. నర్సమ్మ అని ఒక ఎర్ర టీవీ ఉండేది. దానికి మాట వస్తుంది, బొమ్మ రాదు. హెడ్మాస్టారికి స్విచ్చి వేస్తే లేవడానికి యుగం పట్టేది. బావ ఆయన దగ్గరే చదువుకున్నవాడేమో, "బతికున్నప్పుడూ ఇంతేరా, పొద్దుటి ప్రార్థనకి ఏనాడూ టైముకి రాలేదు" అనేవాడు. ఎవరైనా ఈ చెత్తంతా ఎందుకని అడిగితే, "వస్తువు పాడవదు. మనకి ఓపిక పాడైపోద్ది" అనేవాడు. మా అక్క ఓపిక ఎప్పుడో పాడైపోయిందని ఆయన దృష్టికి తెచ్చినవాళ్ళు లేకపోలేదు.

ఈ పేర్ల వల్ల ఒకసారి కొంపలంటుకున్నంత పనైంది. పక్కింటబ్బాయికి పెళ్ళయి విజయనగరం నుంచి కొత్తకోడలొచ్చింది. పాపం, వచ్చిన వారంలోనే గోడ అవతల నుంచి మా అక్క గొంతు విన్నది. "గార్డుగారిని కాస్త జరపండి, ఊడవాల! హెడ్మాస్టారి మీద తడిబట్టలు ఎవరేశారు? నర్సమ్మని అటకెక్కించెయ్యండి, ఒకటే గోల!" ఆ పిల్ల బిక్కచచ్చిపోయి వాళ్ళమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, పక్కింటోళ్ళు ముసలోళ్ళని అటక మీద పెడతన్నారే" అందట. మొగుడు వచ్చి అసలు సంగతి చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మరీ చూపించాడు. బావ ఆ పిల్లకి నర్సమ్మని పరిచయం చేశాడు. ఆ పిల్ల కూడా ఏం తక్కువ తిందా, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

వర్క్‌షాపులో విశ్వకర్మ పూజకి యంత్రాలన్నీ కడిగి బొట్టు పెట్టి, పనివాళ్ళ ఇంటిల్లిపాదినీ లోపలికి రానిస్తారు. రిటైరయ్యాక బావ ఆ పూజ ఇంట్లో మొదలుపెట్టాడు. ప్రతి టీవీకీ ప్రతి కంప్యూటరుకీ కుంకంబొట్టు. ఆ రోజు ఎవరి మనిషిని వాళ్ళొచ్చి చూసుకోవచ్చు. గాల్లో సిగ్నల్ రావడం మానేసింది గనక, సీడీలో బొమ్మని టీవీలకి అందించే డబ్బా ఒకటి తనే తయారుచేశాడు. మొదటి ఏడాది అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే వీధి వీధంతా కరెంటు పోయింది. రెండో ఏడాది నుంచి వంతులవారీగా లేపేవాడు. గార్డుగారి భార్య ముందువరసలో కూర్చునేది. బొమ్మ రాకముందు తెర మీద చుక్కలతో వచ్చే ఆ బుస్సుమనే చప్పుడు విని, "ఆగు బాబూ, బొమ్మ ఇప్పుడే ఎయ్యకు. అచ్చం ఆయన గురకే" అనేది. మేమందరం గార్డుగారి గురక వింటూ కూర్చునేవాళ్ళం.

మా అక్క కోరిక ఒక్కటే. ఆ గదిలో ఒక మంచం వేసుకుని, ఫ్యాన్ కింద కాళ్ళు బారజాపి పడుకోవాలి. ఆ ఒక్క కోరికా బావ ఉన్నన్నాళ్ళూ తీరలేదు. కర్మలన్నీ అయిపోయాక, చుట్టాలు వెళ్ళిపోయాక, నన్ను కూర్చోబెట్టి, "కబాడీవాడిని పిలిచి తుక్కు కింద ఇచ్చెయ్. ఒక్క డబ్బా ఉండకూడదు. ఇంక నా వల్ల కాదు" అంది. కళ్ళు తుడుచుకుంటూనే అంది గానీ గట్టిగానే అంది. పిలుస్తానన్నాను. కాదని ఎలా అంటాం? ఆ హాల్లో ఎన్నేళ్ళు ముడుచుకుని పడుకుందో నాకు తెలుసు.

అదే మధ్యాహ్నం రాయపూర్ పక్కనున్న ధర్సీవా నుంచి ఒకాయన పరామర్శకొచ్చాడు. రైస్‌మిల్లులో మేస్త్రీ, ఛత్తీస్‌గఢీ మనిషి. ఆదివారం సంతలో పాత రేడియో దగ్గర బేరాలాడుకుంటూ బావకి దోస్తయ్యాడు. బావని 'ఆంధ్రా భయ్యా' అనేవాడు. వచ్చి, తల దించుకుని కింద కూర్చున్నాడు. చూద్దును గదా, తొడ కింద మడతపెట్టిన ఖాళీ సంచి!

నాకు ఒళ్ళు మండింది. ఎంత ధైర్యం! లేచి నాలుగు దులిపేద్దామనుకున్నాను. అప్పుడే అక్క కూడా ఆ సంచిని చూసింది. చూసి, నవ్వడం మొదలుపెట్టింది. బావ పోయాక అదే మొదటిసారి. నవ్వి నవ్వి, పమిట నోట్లో కుక్కుకుని, "థైలా లాయే హో?" అని అడిగింది, సంచి తెచ్చావా అని.

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. "నహీ భాభీ... భయ్యా నే సిఖాయా థా, మాంగ్‌నా నహీ" అన్నాడు. అడక్కూడదని నేర్పింది భయ్యానే అని.

"మరయితే ఇను" అని అక్క తెలుగులోనే మొదలుపెట్టి, హిందీలోకి దిగి, మళ్ళీ తెలుగులోకొచ్చి, బావ గురించి చెప్పుకుపోయింది. పెళ్ళైన కొత్తలో సినిమాకని తీసుకెళ్ళి దార్లో రేడియో రిపేరు షాపులో కూర్చోబెట్టిన సంగతి, ఉప్పు ఎక్కువైందని చెప్పలేక మజ్జిగ అడిగే సంగతి. మాకెవరికీ చెప్పనివి. ఆయన అర్థమైనంత విన్నాడు, అర్థంకానిదీ విన్నాడు. నేను టీ పెట్టి పెట్టి అలిసిపోయాను.

చివరికి అక్క లేచి గదిలోకెళ్ళింది. కాసేపటికి నన్ను పిలిచింది. "ఒరే, ఇందులో మీ బావది ఏదిరా?" అంది. వెతికాం. అన్నీ ఎవరో ఒకరివే. ఆయన సొంతానికంటూ సంతలో కొనుక్కున్న అరచేతంత టీవీ ఒకటి మాత్రం మూలన దొరికింది. ఎన్నేళ్ళు తంటాలుపడ్డా అది వెలగలేదు. అందుకే పేరు లేదు. అక్క దాన్ని కొంగుతో తుడిచి, మేస్త్రీ సంచిలో తనే పెట్టింది. "ఎలిగితే కబురు చెయ్" అంది.

కబాడీవాడిని పిలవలేదు. గార్డుగారిని వాళ్ళావిడ తీసుకెళ్ళింది. నర్సమ్మని పక్కింటి కోడలు అడిగి మరీ పట్టుకెళ్ళింది. మిగతా అందరినీ ఎవరి మనిషిని వాళ్ళు తీసుకెళ్ళారు. హెడ్మాస్టారు ఒక్కరే అంత దూరం మోసుకుపోయేవాళ్ళు లేక ఉండిపోయారు. గదిలో మంచం పడింది, ఫ్యాన్ తిరిగింది. "నిద్ర పట్టట్లేదురా, గది మరీ ఖాళీగా ఉంది" అని అక్క ఫోన్ చేసింది.

మొన్న విశ్వకర్మ పూజకి మేస్త్రీ కబురు పెట్టాడు. నేనూ అక్కా బస్సెక్కి ధర్సీవా వెళ్ళాం. మేం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, లోపల ఆయన భార్య చీపురుతో నిలబడి మొగుడి మీద అరుస్తోంది. "ఆంధ్రా భయ్యా లా ఓతీ ఘుచా న, బహారే బర్ హే!" ఆంధ్రా భయ్యాని అటు జరుపు, ఊడవాలి.

అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. "చూశావురా మీ బావని? ఇక్కడా అడ్డమేనట" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను తేల్చుకునేలోపే గబగబా లోపలికి నడిచింది.

నేల మీద అరచేతంత టీవీ వెలుగుతోంది. నుదుట కుంకంబొట్టు. తెర నిండా చుక్కలు, సన్నగా గురక. మేస్త్రీ దాన్ని పైకెత్తి, ఎక్కడ పెట్టాలా అని రెండు చేతుల్తో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. "ఇలా తేవయ్యా" అని అక్క మంచమ్మీద కూర్చుని, చీపురుకి తగలకుండా కాళ్ళు పైకి ముడుచుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గది ఊడవడం అయిపోయినా దించలేదు.