చిన్నాన్న లారీలో కొత్త ఆయిల్

మా చిన్నాన్న పోయాడని అరకు నుంచి ఫోను చేసి చెప్పింది ఆయన స్నేహితుడు, అక్కడ ఆయిల్ షాపు నడిపే ఆయన. పొద్దున్నే ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "మీరు చూశారా, ఎవరైనా చెబితే విన్నారా?" అని అడిగాను.

"సూసినానమ్మా. సూసే సెప్తన్నాను," అన్నాడాయన. "అచ్చం మీ సిన్నాన్నలాగే అడిగినావు."

అప్పుడు నమ్మాను.

"సూసినావా, ఇన్నావా?" అన్నది చిన్నాన్న ప్రశ్న. ఎవరే కబురు తెచ్చినా ముందు అదే అడిగేవాడు. కొండల్లో పండిన కాఫీ, మిరియాలు, అల్లం తన సొంత లారీలో ఘాట్ రోడ్డు మీదుగా కిందికి దింపుతూ బతికిన మనిషి. డీజిల్ బంకులో మీటరు సున్నా దగ్గర మొదలైందో లేదో కిందికి దిగి నిలబడి చూసేవాడు. డాక్టరిచ్చిన మాత్రను వెలుగుకేసి తిప్పి చూసి గానీ మింగేవాడు కాదు. ఆయిల్ డబ్బా ఖాళీ అయితే మేకు పెట్టి అడుగున చిల్లులు కొట్టేసేవాడు, దాన్నెవరో పట్టుకుపోయి నకిలీ ఆయిల్ నింపి మళ్లీ తనకే అమ్ముతారని. ఆ చిల్లుల డబ్బాల్లో పిన్ని కొత్తిమీర వేసేది. నీళ్లు నిలవవు కాబట్టి బాగా వచ్చేది.

ఆయన్ను నేను ఎగతాళి చేయలేను. కాలేజీలో పాఠం చెప్పే నేను కూడా తలుపు తాళం వేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగి చూసుకునే రకమే. మా ఇంట్లో అందరూ నాకు అనుమానం ఆయన దగ్గర్నుంచే వచ్చిందంటారు. వచ్చిందేమో.

ఒక చలికాలం ఆయన లారీ పొద్దున్నపూట మొరాయించడం మొదలుపెట్టింది. అరకు చలికి ఇంజన్లో ఆయిల్ గడ్డ పెరుగులా బిగుసుకుంటోందనీ, మామూలు ఆయిల్ మానేసి సింథటిక్ పొయ్యమనీ మెకానిక్ చెప్పాడు. బ్యాటరీ కూడా నీరసంగా ఉంది, బండిని చదునులో కాకుండా వాలు మీద ముక్కు కిందికి పెట్టుకుంటే దొర్లించి స్టార్టు చేసుకోవచ్చన్నాడు. మా కొండల్లో చాలామంది చేసే పనే అది.

నేను సెలవులకు వెళ్లి ఉన్నాను. సింథటిక్ చలికి చిక్కబడదని, ఎక్కుడులో ఇంజన్ వేడెక్కినా త్వరగా పాడవదని, మార్చాల్సిన పని కూడా తక్కువని చెప్పాను. పాత ఇంజన్లలో ఆయిల్‌ని ఆపే రబ్బరు సీళ్లు అరిగి ఉంటే కారే ప్రమాదం ఉందని కూడా చెప్పాను.

"సూసినావా, ఇన్నావా?"

"చదివాను చిన్నాన్నా."

"సదవడమంటే కళ్లతో ఇనడమే కదేటే గుంటా!"

అయినా పోయించాడు. కొత్త ఆయిల్‌ని వేళ్ల మధ్య రాసి చూసి, "ఏటిది, నీళ్ల మజ్జిగలాగుంది!" అని ముఖం చిట్లించాడు. బండి మాత్రం పొద్దున్నే బేగి, తాళం తిప్పగానే లేచింది. లేచినందుకు కూడా ఆయనకు అనుమానమే.

వారం తిరక్కుండా గొడవ మొదలైంది. ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూపే గేజి పుల్ల లాగి చూస్తే ఆయిల్ గీత కంటే కిందికి ఉంది. కారిన మరక లేదు, పొగ లేదు. చిన్నాన్న నేరుగా షాపుకు వెళ్లి సంత జనం అందరి ముందూ స్నేహితుణ్ణి నిలదీశాడు.

"ఏటి పోసినావురా నా బండికి? ఆవిరైపోతంది!"

"డబ్బా సీలు నువ్వే కదరా ఇప్పినావు! నామీద పడతావేటి?"

"సీలుకి సీలు ఏసేవోళ్లు నేరేటి?"

ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. చిన్నతనం నుంచీ ఒక టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగిన మనుషులు. ఆ తర్వాత ఘాట్ కింద ఎక్కడో టైరు మార్పించుకుంటూ పుల్ల లాగి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. ఎవరైనా అయితే సంతోషిస్తారు. చిన్నాన్న మాత్రం, తను పడుకున్నప్పుడు షాపాయన మనిషిని పంపి గుట్టుగా ఆయిల్ పోయించాడని తేల్చుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే మళ్లీ తక్కువ. "పోయించినోడే తీయించీసినాడు" అన్నాడు.

పిన్ని టీ తెచ్చి లారీ ఫుట్‌బోర్డు మీద పెట్టింది. పెట్టి, గ్లాసు వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏటయ్యా, టీ సూడు. ఒక పక్కకి ఒరిగిపోనాది."

"అయితే ఏటి?"

"నీ ఆయిలూ అంతే కదేటి? ముందుకి జారిపోనాది. పుల్ల ఎనక పక్కుంది."

మెకానిక్ మాట మీద ఆయిలూ, బండి నిలిపే చోటూ ఒకే వారంలో మారాయి, చదును నుంచి వాలుకు. ఆయన ఆయిల్‌నే అనుమానించాడు. మేమూ అటే చూశాం. చిన్నాన్న టీ తాగకుండా గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని షాపుకు నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను. ఆయన క్షమాపణ చెప్పలేదు. బెంచీ మీద కూర్చుని ఇంకో డబ్బా ఇమ్మన్నాడు.

"మళ్లీ నా నకిలీ సరుకేటి?"

"అదే ఇయ్యి. అలవాటైపోనాది."

షాపాయన లోపలికి కేకేసి ఒక టీ, రెండు గ్లాసులు తెమ్మన్నాడు.

ఆ మర్నాటి నుంచి పిన్ని కంచం కనబడలేదు. ఇల్లంతా వెతికింది. అది లారీ సీటు కింద ఉంది. చిన్నాన్న ఫుట్‌బోర్డు మీద కంచం పెట్టి నీళ్లు పోసి, అవి అన్ని వైపులా సమంగా నిలిస్తేనే పుల్ల లాగేవాడు. నేల చదునుగా ఉందన్న మాట కూడా చూసే నమ్మాలి మరి. సింథటిక్ మంచిదేనా అని ఎప్పుడడిగినా "ఇంకా సూత్తన్నాను" అనేవాడు. చూస్తూనే పోయాడు. నాకూ తేలలేదు. బండి బేగి లేచింది ఆయిల్ వల్లో వాలు వల్లో ఎవరు చెప్పగలరు?

పెద్దకర్మ అయ్యాక లారీ కొంటానని పల్లం నుంచి ఒకాయన వచ్చాడు. ఇక పిన్ని బతుకుతెరువుకు మిగిలింది ఆ బండి ఒక్కటే. బండి వాలు మీదే ఉంది. ఆయన పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి మాకు చూపించాడు.

"ఆయిల్ తాగీత్తందమ్మా. సింథటిక్ పోసి సీళ్లు పాడు సేసీసినారు. మీరన్న రేటు రాదు."

నేను నోరు తెరిచేలోపు పిన్ని సీటు కింద నుంచి కంచం తీసి ఫుట్‌బోర్డు మీద పెట్టి చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు ఒక పక్కకు పరుగెత్తి అంచు దాటి కారిపోయాయి.

"బండిని సంత మైదానానికి తోలండి బాబూ. అక్కడ సూద్దురు."

ఆయన ముఖం మాడింది గానీ తోలాడు. చదునులో ఇంజన్ ఆపించి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగమంది పిన్ని. తర్వాత పుల్ల తనే లాగింది. ఆయిల్ గీత దాకా ఉంది. "సరే, మీరన్న రేటే," అని ఆయన తాళాల కోసం చెయ్యి చాచాడు.

"ఉండండి," అంది పిన్ని.

కంచంలో మళ్లీ నీళ్లు పోసి ఫుట్‌బోర్డు మీద పెట్టింది. పుల్ల చూశాక ఇంక దాని అవసరం లేదు. మేమెవరమూ ఆ మాట అనలేదు. నీళ్లు కాసేపు వణికాయి. ఆ వణుకు తగ్గి, అవతలి కొండ అందులో కుదురుగా నిలిచేదాకా ఆమె తాళాలు ఇవ్వలేదు.