ఇంకా రాస్తోంది, పీకకండి

కంప్యూటర్ తెర మీద వచ్చే ఇంగ్లీషు సందేశాలను తెలుగులోకి మార్చే పని నాలుగేళ్లుగా చేస్తున్నాను. ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ కోసం కొంతమందిమి కలిసి చేస్తున్న పని అది. నా కంప్యూటర్ నడిచేదీ దాని మీదే. జీతం లేదు గానీ పొగరుకి మాత్రం లోటు లేదు నాకు. "పెన్‌డ్రైవ్ మీద ఇంకా రాస్తోంది, పీకకండి" అని పెడదామని మాలో ఒకాయన అంటే, ఇదేం తెలుగండీ, సంతలో కేకలా ఉంది అని ఆయన మీద ఎగిరిపడ్డాను. "సాధనముపై దత్తాంశ లేఖన ప్రక్రియ కొనసాగుచున్నది" అని రాసి, పంతం పట్టి నెగ్గించుకున్నాను.

నెల్లిమర్లలో ఉండే మా మావయ్య రిటైరైన లెక్కల మాస్టారు. రాగమూ తాళమూ ఆయనకి ఆమడ దూరం. పాడేది మా అత్త. వాళ్ల అమ్మమ్మ నుంచి వచ్చిన హారతి పాటలు పదకొండు, ఆవిడకి తప్ప ఇంకెవరికీ రావు. రెండేళ్ల క్రితం గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ పాట పోయింది. ఇప్పుడు మాట కూడా గుసగుసే. ఆవిడ పాడిన పాత క్యాసెట్టు ఒకటి మిగిలితే, బూజు తుడిచి, ఒక్కసారి తిప్పి, నా కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఆ ఒక్కసారికే దాని రీలు ముక్కలైపోయింది. ఇక ఆ పాటలున్నది నా దగ్గరే.

ఆ ఉదయం మావయ్య కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కుని విజయనగరంలో మా ఇంటికి వచ్చాడు. నా డిస్కులో చోటు లేదని పాటలను కాపీ చేయకుండా కట్ చేసి, అంటే నా దగ్గర మిగలకుండా, అందులో వేశాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే. "పాటలు ఎక్కేకొద్దీ ఈ పచ్చగీత నిండుతుంది. నిండాక ఏం చెయ్యాలో తెర మీద తెలుగులోనే వస్తుంది మావయ్యా, చూస్తూ ఉండండి" అని గొప్పగా చెప్పి కాఫీ పెట్టడానికి వెళ్లాను.

మా ఇళ్లలో వర్జ్యంలో గడప దాటరు. పైగా అవి హారతి పాటలు, వాటిని వర్జ్యంలో మోసుకెళ్లడమనేది మావయ్య ఊహకే అందదు. ఆ రోజు వర్జ్యం పదకొండున్నరకి. నేను కాఫీ తెచ్చేసరికి ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు. పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో ఉంది.

"గీత నిండిపోయిందే. వర్జ్యం వచ్చేస్తాది, వెళ్తన్నాను."

కాఫీ ఉన్నపళంగా కింద పెట్టేశాను. గీత నిండినా లోపల రాయడం ఇంకో రెండు మూడు నిమిషాలు సాగుతుంది. అప్పటిదాకా ముట్టుకోవద్దని చెప్పడానికే ఆ సందేశం ఉన్నది.

"తెర మీద ఏమీ రాలేదా?"

"వచ్చింది, సదివాను. ఏదో ప్రక్రియ కొనసాగుచున్నది అన్నాది. కొనసాగితే కొనసాగనీ, నాతో దానికేటి పని?"

జేబులోంచి లాక్కున్నంత పని చేసి మళ్లీ గుచ్చాను. పదకొండు పేర్లూ కనపడ్డాయి. మొదటిది నొక్కితే అత్త గొంతు ఖంగుమంది. హమ్మయ్య అనుకున్నాను. నాలుగోదాకా అన్నీ పలికాయి. అయిదోది నొక్కితే ఏమీ లేదు. ఆరోది కూడా అంతే. అక్కడి నుంచి చివరిదాకా వట్టి పేర్లే ఉన్నాయి. నా డిస్కులో చూస్తే అక్కడా లేవు.

"పీకమని ఎవరు చెప్పారు మీకు?" అని అరిచాను. పెద్దాయన మీద అరిచానన్న సిగ్గు కూడా అప్పుడు కలగలేదు.

"వద్దని కూడా ఎవరూ సెప్పలేదు కదే," అన్నాడు మెల్లగా.

చెరిగిపోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రామ్ ఒకటి పెట్టాను. వర్జ్యం వచ్చింది, వెళ్లింది. మావయ్య చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. తెర మీద అంకె ఒక్కొక్కటే కదిలింది. దొరికిన ప్రతి ముక్కా విని చూశాం. ఒకదాంట్లో అత్త గొంతు సవరించుకోవడం వినపడి, వెంటనే బరబర శబ్దం వచ్చింది. మావయ్య ముఖం తిప్పేసుకున్నాడు. మూడున్నరకి మరో రెండు పాటలు చేతికొచ్చాయి. మొత్తం ఆరు. అయిదు పోయాయి.

అత్తకి ఆయనొక్కడే చెప్పడం న్యాయం కాదని నేనూ బస్సెక్కాను. ఆవిడ ఆరు పాటలూ కళ్లు మూసుకుని వింది. ఆరోది అయ్యాక కూడా కళ్లు తెరవలేదు, తర్వాతి పాట కోసం ఆగింది. అప్పుడు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

ఆ తర్వాత బస్సులో రాసుకున్న కొత్త సందేశం చూపించాను. "ఇంకా రాస్తోంది. ఇప్పుడు పీకితే మీ ఫైళ్లు పోతాయి. అయిపోగానే చెప్తాం, అప్పటిదాకా ఆగండి." పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది.

"ఇలా రాసుంటే మీ మావయ్య ఆగేవోరే," అంది గుసగుసగా.

ఆవిడ లేచి వెళ్లి, మావయ్య బల్ల మీది నోటుపుస్తకమూ పెన్నూ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"పోయిన అయిదింటి మాటలూ సెప్తాను, రాసుకో. వరసలు మాత్రం ఇంక నావల్ల కాదే."