కొండచిలువను ఉడకబెట్టిన మేస్త్రి

జంతు ప్రదర్శనశాలలో అందరూ ఆయన్ని బొమికల మేస్త్రి అనేవారు. చచ్చిన జంతువు చేతికొస్తే చాలు, గంగాళంలో ఉడకబెట్టి, మాంసం గీకేసి, ఎముకలకు తీగలు బిగించి నిలబెట్టేవాడు. గుర్రాన్ని నిలబెట్టాడు, ఎలుగుబంటిని నిలబెట్టాడు. దాంతో మహానుభావుడికి కళ్ళు నెత్తికెక్కాయి.

వెన్నెముక లేని ప్రాణులంటే ఆయనకు పరమ అసహ్యం. నత్తలు, వానపాములు, పీతలు, పురుగులు ఉండే గది పక్కనుంచి ముక్కు మూసుకుని నడిచేవాడు. ఖర్మకాలి, ఆ గదిలో పనిచేసేది సొంత కోడలే.

"ఎముక లేనిదీ ఓ జంతువేనా? తొక్కితే జావ!" అనేవాడు, ఇంట్లో అన్నం తింటూ కూడా.

"జంతువుల్లో నూటికి తొంభై అయిదుకి పైగా అలాంటివే మామయ్యా."

"చెత్తెప్పుడూ ఎక్కువే ఉంటుందమ్మా."

పదవీ విరమణ దగ్గరపడ్డాక ఓ కొండచిలువ కళేబరం వచ్చింది. దాని అస్థిపంజరం పెద్ద హాల్లో పెట్టి, కింద తన పేరు చెక్కించుకోవాలని మేస్త్రి ఆశ. ఇన్నేళ్ళ చాకిరీలో ఆయన పేరు ఎక్కడా పడలేదు. ఆ ఒక్క ఆశనీ వెక్కిరించబుద్ధి కాదు. మిగతాదంతా వెక్కిరించాల్సిందే.

కోడలు ఓ పెట్టె తెచ్చింది. నిండా మాంసం తినే పురుగులు.

"వీటికి వదిలేయండి మామయ్యా. ఎండిన మాంసం తినేసి ఊరుకుంటాయి, ఎముకలు ఎక్కడివక్కడే ఉంటాయి. పాముకి వందల పక్కటెముకలు. ఉడకబెడితే అన్నీ ఊడిపోతాయి."

"వెన్నెముక ఉన్నదాన్ని తీసుకెళ్ళి లేనివాటి నోట్లో పెట్టాలా? నాకే పని నేర్పుతావా? వెళ్ళు, వెళ్ళు!"

ఉడకబెట్టాడు. గంగాళం అడుగున తెల్లటి కుప్ప మిగిలింది. వెన్నుపూసలన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. ఏ పక్కటెముక ఏ పూసదో ఆ మొనగాడికి అంతుపట్టలేదు. వారాల తరబడి నేలమీద పరుచుకుని, కలిపి, విడదీసి, తిట్టుకుని, తల పట్టుకున్నాడు. చివరికి పురుగుల గది గుమ్మంలో నిలబడి, మొహం పక్కకి తిప్పుకుని అడిగాడు.

"ఆ పెట్టె ఓసారి ఇస్తావా?"

"ఇప్పుడవి తినడానికేముంది మామయ్యా?"

కుప్పను అట్టపెట్టెలో పోసి అరలో పెట్టారు. పై అధికారి జాలిపడి, పెట్టె మీద మేస్త్రి పేరు రాయమన్నాడు. కోడలు కలం తీసింది. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దమ్మా," అన్నాడు.