తీసేయమని అనకూడని కొట్టు

పొద్దున్న కొట్టు షట్టర్ ఎత్తి కంప్యూటర్ పెట్టానో లేదో, స్పీకర్లోంచి సత్యవతమ్మగారి గొంతు ఖంగుమంది. "ఓలే, మైకేటి కరిసేత్తాదా? దగ్గరికొచ్చి పాడు." ఆ వెనకే ఒక ఆడమనిషి నవ్వు, నవ్వులోంచే పెళ్ళిపాట. ఆ పాట కోసం కోటవురట్ల నుంచి ఒకతను వచ్చి నిలబడ్డాడు. చెల్లెలి పెళ్ళి వీడియోలో, చనిపోయిన వాళ్ళమ్మ గొంతు పెట్టించాలట. వాళ్ళింట్లో ఉన్న కార్డు ఎప్పుడో పాడైందట, పెన్‌డ్రైవ్ కూడా తెచ్చుకున్నాడు. మంచి బుద్ధే అనుకున్నాను. అంతలో, "మేడమ్, ముందు ఎవరో కసురుతున్నారు కదా, ఆ ముక్క తీసేసి ఇవ్వండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరో అట! ఆవిడ లేకపోతే నీకు ఈ పాటెక్కడిదయ్యా?

సత్యవతమ్మగారు నర్సీపట్నంలో మైక్‌సెట్ కొట్టు నడిపిన మనిషి. భర్త పోయినప్పుడు సామానంతా అమ్మేసుకోమని చుట్టాలంతా చెప్తే వినకుండా, తనే బాకాలు కట్టించుకుంటూ ఊరూరా తిరిగారు. డిగ్రీ అయ్యాక నేను ఆవిడ దగ్గర కంప్యూటర్ పనికి చేరాను. ఆవిడకో పట్టుదల ఉండేది. ఏ పెళ్ళిలోనైనా సినిమా పాట పెట్టేముందు ఆ ఇంటి ఆడవాళ్ళు మైకులో పాడాలి. సిగ్గుపడితే కసిరైనా పాడించేవారు. ఆ పాటను రికార్డు చేసి అక్కడికక్కడే ఆ ఇంటివాళ్ళ మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చేవారు. కొట్టుకొచ్చాక తన కసుర్లు కోసేసి, ఉత్త పాటను కంప్యూటర్లో దాచుకునేవారు. పాడినవాళ్ళ పాట పాడినవాళ్ళకి చేరకపోతే అది దొంగతనమే అనేవారు.

ఎస్. రాయవరం దగ్గర ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన విసుక్కుంటూ వచ్చాడు. ఈ ముసలమ్మల రాగాలు ఆపి కుర్రాళ్ళు ఎగిరే పాటలు పెట్టమన్నాడు. పాడుతున్నావిడ తలొంచుకుని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి నాకు కన్నీళ్ళొచ్చాయి. సత్యవతమ్మగారు మెల్లగా లేచి, మైకు తన నోటి దగ్గరికే తీసుకుని, పందిరంతా వినపడేలా అడిగారు.

"ఆడోలు పాడితే సెవులు నొప్పెడతన్నాయా బాబూ? మరి ఆలు వొండిన కూడు ఏ నోటితో తింతారు?"

పెద్దమనిషి వచ్చినదారినే వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ భోజనాల దగ్గర కనిపించాడు గాని మా వైపు చూడలేదు. ఆవిడ పక్కన కూర్చున్నాక నాకు తెలిసింది, కోపం కూడా ఒక పనిముట్టేనని. అప్పటిదాకా ఆడపిల్లకి కోపం రాకూడదని చెప్పినవాళ్ళే అందరూ.

అంత జాగ్రత్తగా దాచిన పాటలు ఒక్క మాటతో పోయాయి. కంప్యూటర్ మొరాయిస్తోందని మేనల్లుడి చేత రిపేరుకి పంపుతూ, చేతికి కొత్త హార్డ్‌డిస్క్ ఇచ్చి, "ముందు పాటలన్నీ తీసీమని సెప్పు, తరవాతే మిషను ముట్టుకోమను" అన్నారు. డిస్క్‌లోకి తీయమని ఆవిడ ఉద్దేశం. ఆ అబ్బాయి చిలకలా ఆ మాటే అక్కడ అప్పజెప్పి, డిస్క్ బల్లమీద పెట్టి వచ్చాడు. మేం వెళ్ళేసరికి కంప్యూటర్ కడిగిన కంచంలా ఉంది. మళ్ళీ రాబట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు. హార్డ్‌డిస్క్ అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు.

"తీసీమన్నారు కదండీ, తీసీసేను" అన్నాడు రిపేరతను. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పాత పాటలే కదా, అన్నీ నెట్‌లో దొరుకుతాయని కూడా అన్నాడు. "బల్ల మీద పెట్టె ఎందుకు పెట్టారో అడగాలని తోచలేదా నీకు?" అని అరిచాను. సత్యవతమ్మగారు మాత్రం గొంతు పెంచలేదు. మా ఊరి ఆడవాళ్ళ పాటలు నెట్‌లో ఎక్కడున్నాయో చూపించమని, అతని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మర్నాటి నుంచీ నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఆవిడ వెనక షేర్ ఆటోల్లో తిరిగాను. ఆవిడ ఇంటింటికీ ఇచ్చిన పాటల్ని ఇంటింటా అడిగి వెనక్కి ఎక్కించుకున్నాం. ఎవరో బియ్యం డబ్బాలోంచి పాత ఫోను తీసిచ్చారు. కృష్ణదేవిపేటలో ఒకాయన మాత్రం, చోటు చాలక భార్య పాట చెరిపేశానని నవ్వుతూ చెప్పాడు. గోడమీద ఆమె ఫోటోకి దండ ఉంది. సత్యవతమ్మగారు ఆ ఇంట టీ ముట్టకుండా లేచారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దొరికినవన్నీ ఇళ్ళలో ఇచ్చిన కోయని పాటలు. ప్రతి పాట ముందూ ఆవిడ కసురే. "నా గోల ఎవులిక్కావాలే, బేగి కోసీ" అనేవారు. నేను రేపు మాపు అంటుండగానే ఆవిడ పోయారు, కొట్టు నా చేతికొచ్చింది. ఊరందరిచేతా పాడించిన మనిషి తను ఒక్క పాటా పాడలేదు. ఆవిడ గొంతు ఈ లోకంలో ఎక్కడైనా ఉందంటే ఆ కసుర్లలోనే ఉంది. అందుకే కోయలేదు. కోయను.

పోయేలోపు ఆవిడ పెట్టిన రూలు ఒకటుంది. ఈ కొట్లో "తీయడం" అనే మాట వినపడకూడదు. ఎక్కించాలంటే ఎక్కించమనాలి, చెరపాలంటే చెరపమనాలి.

ఇదంతా కోటవురట్ల అతనికి కొంచెం గట్టిగానే చెప్పాను. చెప్పి, అతని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాను. "ఆవిడ కసిరారు కాబట్టే మీ అమ్మ నవ్వింది. కసురు పూర్తికాకముందే నవ్వు మొదలైంది, విను. అది కోస్తే ఇదీ తెగుతుంది. ఏది కావాలో నువ్వే చెప్పు" అన్నాను.

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు.

"అమ్మ మంచాన పడ్డాక నవ్వలేదండి. ఇలా నవ్వీదని మర్సిపోయాను" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, "మొత్తం తీసి ఇచ్చీండి మేడమ్" అన్నాడు.

"తీసేటి బాబూ? ఎక్కించి!" అని కసిరాను.

పాట పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతోంది. నేను "ఏటి" అన్నానని, అదీ అచ్చం సత్యవతమ్మగారి గొంతుతో అన్నానని, అతను నవ్వితే గాని నాకు తెలియలేదు.