నాన్న మీద కోసిన కోతలు

మా అమ్మాయి ఎనిమిదేళ్ల వయసులో స్కూల్ లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చుకుంది. అమెరికా జానపద వీరుల కథలు, పిల్లల కోసం రాసినవి. ఒకడు సుడిగాలిని గోనెసంచిలో కట్టేస్తాడు. ఒకావిడ బురదలో కూరుకుపోయిన రైలును వీపుతో ఎత్తి పట్టాల మీద పెడుతుంది. అన్నీ కోతలే. కోతలు కొయ్యడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా, లండన్ పక్కన స్లౌలోని మా ఫ్లాట్‌లో దానికి అన్నం కలిపి పెడుతూ వాటిని ఇంకాస్త పెంచి తెలుగులో చెప్పేదాన్ని. అది ఊ కొడుతూ తినేది.

అప్పటికి మా ఆయన హాస్పిటల్లో చేరి నెల దాటింది. క్యాన్సర్ లివర్ దాకా పాకింది. నాన్న ఎలా ఉన్నాడని అది రోజూ అడిగేది. ఏం చెప్పాలో తెలియక ఆయన్నూ ఆ కథల్లోకి ఎక్కించాను. నాన్న దగ్గితే వార్డు కిటికీలు ఊడిపోతున్నాయన్నాను. మంచం దిగి పరుగెత్తకుండా ఆరుగురు నర్సులు పట్టుకున్నారన్నాను. అది పడీపడీ నవ్వేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పాపను తీసుకురమ్మని నర్సు రెండుసార్లు చెప్పింది. వద్దన్నాను. అలాంటి స్థితిలో మనిషిని చూపిస్తే పిల్లలు జడుసుకుంటారని మా ఇళ్లలో గట్టి నమ్మకం. ఈవిడకేం తెలుసులే అనుకున్నాను.

చివరికి ఆయనే అడిగాడు. "బిడ్డను ఒక్కసారి తీస్కరారాదు."

"జర తేరుకోన్రి, తీస్కొస్త," అన్నాను.

తేరుకోడని డాక్టర్ నాకు ముందురోజే చెప్పాడు. గురువారం పొద్దున ఆయన పోయాడు.

అంత్యక్రియల రోజున ఇక దాచడానికేమీ లేక ఆయన్ను పడుకోబెట్టిన పెట్టె దగ్గరికి దాన్ని తీసుకెళ్లాను. చాలాసేపు చూసింది. ఏడవలేదు.

"వై ఈజ్ హీ సో స్మాల్, మమ్మీ?"

జబ్బుతో చిక్కిపోయాడని చెప్పాను. నువ్వు కథలు చెప్పినప్పుడు కూడా ఇలాగే ఉన్నాడా అని ఇంగ్లిష్‌లోనే అడిగింది. ఉన్నాడన్నాను. నన్ను చూడాలని అడిగాడా అంది. లేదని చెప్పడానికి నోరు రాలేదు. అడిగాడన్నాను. నా చెయ్యి వదిలేసి, మా పక్కింటి ఆంటీ దగ్గరికి వెళ్లి నిలబడింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడది పెద్దదైంది. నాతో బాగానే ఉంటుంది. నాకు ఒంట్లో బాగాలేక జీపీ డాక్టర్ దగ్గరికి వెళ్తే మాత్రం, ఏం కాలేదని నేనెంత చెప్పినా వినదు. నా వెనకే లోపలికి వచ్చి, నా ముందే డాక్టర్‌ని అడుగుతుంది.