మడిలో బూట్లు

మా ఇంట్లో చెప్పులతో మడిలోకి దిగరు. గట్టు మీద విప్పేసి, ఇంత మట్టి కళ్లకద్దుకుని, వట్టి పాదాలతోనే దిగాలి. రాజాం దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేనూ అలాగే దిగాను. అరికాళ్లు దురద పెడితే అందరికీ ఉండేదే అనుకుని కొబ్బరినూనె రాసుకున్నాను.

తర్వాత దగ్గు, ఆపైన ఆయాసం. గడ్డిమోపు ఎత్తుకుంటే దారిలోనే కూలబడేదాన్ని. బద్ధకం అన్నారు కొందరు. వాళ్లని ఇప్పటికీ క్షమించలేదు.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ గుండెకు స్కానింగ్ చేసినప్పుడు అత్త నా పక్కనే ఉంది. దారప్పోగు కన్నా సన్నటి పురుగు మట్టిలోంచి పాదంలో దూరి, ఏళ్ల తరబడి నా పేగుల్లో కాపురం పెట్టిందట. గుండెను పాడుచేసింది మాత్రం అది కాదట. దాన్ని చంపడానికి నా ఒళ్లే పుట్టించిన రక్తకణాలు, ఆ పోరు ఎంతకీ తెగక, మితిమీరి పెరిగి గుండె లోపలి పొరను దెబ్బతీశాయట. ఆ పొర గట్టిపడిపోయింది. నాకు ఒళ్లు మండింది. కాపలాకి పెట్టుకున్నవాళ్లే ఇల్లు తగలబెట్టారన్నమాట.

"పురుగు సచ్చిపోతే గుండి బాగయిపోద్ది గదమ్మా?" అని అత్త అడిగింది.

మందుకు పురుగు చస్తుంది గాని గట్టిపడిన పొర మెత్తబడదని, మళ్లీ పురుగు ఎక్కితే మిగిలిన గుండె కూడా దక్కదని డాక్టరమ్మ చెప్పింది.

పొలం కౌలుకిచ్చేద్దామన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. నా గుండెలో సగం తిన్న మడిని ఇంకొకరికి అప్పజెప్పి ఇంట్లో కూర్చోవాలా? రాజాం బజారుకెళ్లి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాను.

ఉభాల రోజు, వరినాట్లకి ఆడవాళ్లంతా మడిలో ఉండగా, ఆ బూట్లతోనే గట్టెక్కాను. మా చినమామగారు చూసి, భూంతల్లి మీద బూట్లేమిటని నిలదీశారు. రోజూ పొద్దున్నే ఆ గట్టు వెనక చెంబు పట్టుకుని కూర్చునేది ఆయనే. పురుగు మట్టిలోకి చేరేది అలాంటి చోటి నుంచేనని డాక్టరమ్మ చెప్పింది. అది తప్పు కాదు, నా బూట్లు తప్పు. ఆ మాట ఆయన మొహం మీదే అనేశాను.

మట్టి కళ్లకద్దుకుని దిగాను. మొదటి అడుగుకే బూటు బురదలో ఉండిపోయి కాలు పైకి వచ్చేసింది. అందరూ నవ్వారు. ఆయాసపడుతూ, ఒంటికాలి మీద ఊగుతూ గట్టు పట్టుకున్నాను గాని ఆ పాదం మాత్రం కింద పెట్టలేదు.

గట్టు మీద నారు అందిస్తున్న అత్త మడిలోకి దిగి వచ్చింది. బూటు పీకి నా కాలికి తొడిగింది. తలగుడ్డ చింపి పిక్క చుట్టూ బిగించి కట్టింది. చినమామగారు మళ్లీ ఏదో అనబోతే, ఆయన వైపు చూడకుండానే నాతో అంది.

"భూంతల్లికి నాను సెప్పుకుంతాను. నువ్ నడువే."

బురదలో ఆమె కాళ్లు మాత్రం వట్టివే. మర్నాడే రాజాం వెళ్లి ఆమె కొలతకి ఇంకో జత తెచ్చాను. ఇంకా తొడుక్కోలేదు. తొడిగించకుండా నేనూ వదలను.